ఉక్కు షెడ్డు కంపన విశ్లేషణలో అక్కరలేని మోడ్‌లను తగ్గించుకోవడం

పలాసలో జీడిపప్పు గోదాముకు వేసే ఉక్కు షెడ్డు వంటి దానిని కంప్యూటరులో గీసి కంపన విశ్లేషణ నడిపితే, మొదటి నలభై యాభై మోడ్‌లు (కట్టడం సహజంగా ఊగే తీరులు) వచ్చినా వాటిలో చేరిన ద్రవ్యరాశి, అంటే వాటితో పాటు కదిలే కట్టడపు ద్రవ్యరాశి వాటా, పట్టుమని పది శాతం కూడా ఉండకపోవడం తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. భూకంపాలను తట్టుకునే కట్టడాల రూపకల్పనకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1893 మొదటి భాగం, 2016 ప్రకారం, లెక్కలోకి తీసుకున్న మోడ్‌ల ద్రవ్యరాశి కలిపి మొత్తంలో కనీసం 90 శాతం ఉండాలి. ఆ అంకె కోసం మోడ్‌ల సంఖ్యను మూడు వందల దాకా పెంచుకుంటూ పోవడం సరైన దారి కాదని నా అభిప్రాయం. ద్రవ్యరాశి దాదాపు లేని ఆ అక్కరలేని మోడ్‌లు ఎక్కడ పుడుతున్నాయో ముందు చూడాలి.

అందుకు ఒక్కొక్క మోడ్‌నూ తెరమీద ఆడించి చూడాలి. స్తంభాలూ, కప్పును మోసే ట్రస్సులూ కదలకుండా ఉండగా, పక్కగోడను ఒరగకుండా పట్టే బ్రేసింగులో రెండు సన్నని రాడ్లు ఎక్స్ ఆకారంలో దాటుకునే బిందువు ఒక్కటే షెడ్డు లోపలికీ బయటికీ ఊగుతూ కనిపిస్తుంది. గీసేటప్పుడు ఆ కూడలిలో నోడ్ (ముక్కలను కలిపే లెక్క బిందువు) పెట్టడమే దీనికి కారణం: రాడ్ల బరువులో కొంత ఆ నోడ్ మీద ద్రవ్యరాశిగా కూర్చుంటుంది గాని, గోడకు అడ్డంగా దానిని పట్టి ఉంచే దృఢత్వం దాదాపు ఉండదు. నోడ్‌ను తీసేసి, ప్రతి రాడ్‌నూ ఈ కొస నుంచి ఆ కొస వరకు ఒకే ముక్కగా గీస్తే, మొత్తం ద్రవ్యరాశి మారకుండానే ఆ మోడ్‌లు పోతాయి. పర్లిన్లు (కప్పు రేకులను మోసే అడ్డ దూలాలు) కుంగకుండా పట్టే సాగ్ రాడ్లనైతే అసలు గీయకుండా, వాటి బరువును పర్లిన్ల మీద భారంగా ఇస్తే చాలు.

అయితే పౌనఃపున్యం సున్నాకు దగ్గరగా వచ్చిన మోడ్‌ను అక్కరలేనిదని తోసిపుచ్చరాదు. ట్రస్సు కొస స్తంభానికి అతకకపోయినా అలాగే కనిపిస్తుంది కాబట్టి, దానిని వెతికి సరిదిద్దాలి.

భూకంప లెక్క క్షితిజ సమాంతర దిశలకే పరిమితమైతే నిలువు దిశలో కదిలే ద్రవ్యరాశిని లెక్కలోంచి ఆపివేయవచ్చు. కాంక్రీటు శ్లాబుకు దృఢ డయాఫ్రమ్ (తన తలంలో ఆకారం మారకుండా ఒకే పలకగా కదులుతుందనే షరతు) ఇవ్వవచ్చు. రేకుల కప్పుకు మాత్రం ఇవ్వకూడదు. అప్పటికీ 90 శాతం అందకపోతే ఐగెన్ వెక్టార్లకు (కట్టడపు సహజ కంపన రూపాలకు) బదులు రిట్జ్ వెక్టార్లు (భారాన్ని బట్టి కట్టే కంపన రూపాలు) వాడాలి. 1982లో అమెరికా ఇంజనీరు విల్సన్, ఆయన సహచరులు ప్రతిపాదించిన ఈ పద్ధతి భారం పడే తీరు నుంచే మొదలవుతుంది కనుక, ఆ భారానికి స్పందించని మోడ్‌లు లెక్కలోకి రావు.

మార్పులకు ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యరాశినీ, ప్రధాన ఫ్రేము ఆవర్తన కాలాన్నీ పోల్చి చూసుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తీరం దాటింది పలాస దగ్గరే కాబట్టి, బ్రేసింగు రాడ్లనూ సాగ్ రాడ్లనూ గాలి భారానికి విడిగా సరిచూసిన తర్వాతే డ్రాయింగు పంపాలి.