కార్బ్యురేటర్ బండికి స్లో సరిచేసుకునే పద్ధతి

2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 పొగ కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారినా, మన ఊళ్లలో తిరిగే పాత 100 సీసీ బళ్లకు ఇప్పటికీ పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బ్యురేటరే ఆధారం. అలాంటి బండి స్లోలో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజను తిరిగే వేగంలో, నిలవకుండా ఆగిపోతుంటే చాలామంది స్లో స్క్రూను బిగించి ఊరుకుంటారు. అది ఇంజనుకు గాలి దారి తెరిచే థ్రాటిల్‌ను కాస్త ఎత్తి పట్టేది మాత్రమే. స్లోలో పెట్రోలు, గాలి పాళ్లను దిద్దే మిక్సర్ స్క్రూ వేరే ఉంటుంది.

ముందు ఎయిర్ ఫిల్టరు, ప్లగ్ శుభ్రంగా ఉన్నాయో లేదో, ఇంజనుకూ కార్బ్యురేటర్‌కూ మధ్య జాయింటులో గాలి దూరుతోందేమో చూసుకోవాలి. ఆ తరువాత ఆరుబయట పది నిమిషాలు నడిపి ఇంజనును బాగా వేడెక్కనివ్వాలి. చల్లని ఇంజను ఎక్కువ పెట్రోలు అడుగుతుంది కనుక అప్పుడు చేసిన ట్యూనింగ్ వేడెక్కాక నిలవదు.

ఇంజను ఆపి, మిక్సర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. తగిలిన చోటే ఆపేయాలి. దాని మొన సూదిలా ఉంటుంది. బలంగా బిగిస్తే మొనపై గీత పడి, అది కూర్చునే చోటు కూడా చెడిపోతుంది, ఆపై ఏ ట్యూనింగూ కుదరదు. అక్కడి నుంచి చుట్టున్నర వెనక్కి తిప్పి, ఇంజను స్టార్ట్ చేసి, స్లో స్క్రూతో స్లోను సుమారు 1,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర పెట్టండి. మీటరు లేకపోతే చెవినే నమ్ముకోవాలి.

ఇప్పుడు మిక్సర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ పది సెకన్లు ఆగి వినండి. తడబడే శబ్దం ఒక చోట సమంగా, చురుగ్గా మారుతుంది. అది దాటితే వేగం మళ్లీ తగ్గుతుంది. రెండు వైపులా తగ్గే హద్దుల మధ్య వేగం అత్యధికంగా ఉన్న చోట స్క్రూను వదిలి, పెరిగిన వేగాన్ని స్లో స్క్రూతో దించి, మరొకసారి ఇదే చేయాలి. ఈ ఓపికే పనిలో ముఖ్యం.

ఒక్కసారి రేస్ ఇచ్చి వదిలి చూడండి. అందుకోవడానికి తటపటాయించినా, వదిలాక వేగం వెంటనే దిగకపోయినా పెట్రోలు చాలడం లేదు. బాగా పడిపోయి నెమ్మదిగా తేరుకుంటే ఎక్కువైంది. మిక్సర్ స్క్రూ ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే అది గాలిది, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే లోపలికి తిప్పినప్పుడు తగ్గుతుంది. ఎంత తిప్పినా మార్పు లేకపోతే, స్లోలో పెట్రోలు అందించే సన్నని రంధ్రమున్న పైలట్ జెట్ మూసుకుపోయి ఉండవచ్చు. దాన్ని విప్పి కార్బ్ క్లీనర్‌తోను, గాలితోను శుభ్రం చేయాలి కానీ తీగ పెట్టి పొడవరాదు, రంధ్రం పెద్దదైతే జెట్ మార్చాల్సిందే.