పేషెంటును ఎత్తకండి, జరపండి

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లివచ్చినా నా నడుము ఏమీ అనలేదు. మరుసటి వారం నైట్ డ్యూటీలో, మంచంలో కిందికి జారిపోయిన ఒక పేషెంటును చంకల కింద చేతులు పెట్టి ఒక్కదాన్నే పైకి లాగాను. తెల్లవారి స్కూటీ స్టాండు తీయడానికి కూడా వంగలేకపోయాను. ఇరవై రెండేళ్లుగా తిరుపతిలో వార్డు నర్సును. కొత్తగా చేరే అమ్మాయిలకు మొదట చెప్పేది ఈ సంగతే.

ఒంట్లో బలముందని ధీమా వద్దు. అమెరికాలో వృత్తి భద్రతపై పరిశోధించే నయోష్ సంస్థ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా పేషెంటు బరువులో ఒక నర్సు చేతులతో ఎత్తదగ్గది 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు. నూరు కిలోల మనిషికి కాలొక్కటే దాదాపు అంత ఉంటుంది.

పైకి జరపాలంటే ముందు మంచం చక్రాలకు బ్రేకు వేయండి. తలవైపు దించి చదును చేయండి. ఆయాసమున్న వారికైతే తట్టుకోగలిగినంత వరకే దించి, పని కాగానే మళ్లీ లేపాలి. తలవైపు ఎత్తుగా ఉండగా జరపడమంటే గుట్ట మీదికి బండి లాగడమే. యూరిన్ బ్యాగు, సెలైన్ గొట్టం ఎక్కడా చిక్కుకోకుండా చూసుకోండి. అటొకరు ఇటొకరు నిలబడి, ఒంటి కింద అడ్డంగా పరిచే దుప్పటి, అంటే డ్రా షీటు అంచును పేషెంటు ఒంటి దాకా చుట్టి పట్టుకోవాలి. పాదాలు ఎడంగా, ఒకటి తలవైపుకు. మోకాళ్లు కాస్త వంచి. "తాతా, మోకాళ్లు మడిచి మడమలతో తన్నండి" అంటే చాలామంది ఉత్సాహంగా సాయం చేస్తారు. మూడు అనగానే మీ బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి మారాలి. నడుము మెలి తిరగకూడదు. రెండో మనిషి లేకపోతే వచ్చేదాకా ఆగండి. ఆ రాత్రి నేను ఆగలేదు.

ఎత్తడం సరే, గంటల తరబడి వంగి ఉండటం నన్ను ఇంకా ఎక్కువ బాధించింది. నేను పనిచేసిన వార్డుల్లో చాలా మంచాలకు ఎత్తు మార్చే వీలే లేదు. అందుకని సెలైన్ ఎక్కించడానికి నరంలోకి కాన్యులా (సన్నని గొట్టం) పెట్టాలన్నా, డ్రెస్సింగ్ చేయాలన్నా పేషెంటును నా వైపు అంచుకు జరుపుకొని, స్టూలు వేసుకుని కూర్చుంటాను. పెద్ద సిస్టర్లు మొదట్లో ముఖం చిట్లించారు, చిట్లించనివ్వండి. నడుము బెల్టు కట్టుకుంటే నొప్పి రాదనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

నొప్పి పట్టేస్తే రోజుల తరబడి పడుకోకండి. నేను రెండో రోజు నుంచే కపిలతీర్థం వైపు మెల్లగా నడిచాను. అయితే కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అది నడకతో తగ్గేది కాదు. డ్యూటీ ఎవరు చూస్తారని ఆలోచించకుండా వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి.