కుటుంబంతో షికారుకు చిన్న టెలిఫోటో జూమ్: ఏం చూసి కొనాలి

దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే లెన్సే టెలిఫోటో జూమ్. కొనేటప్పుడు ముందు బరువు చూడండి, ఎంత దూరం లాగుతుందన్నది ఆ తర్వాత. పూటంతా మెడలో వేలాడాల్సిన లెన్స్ 400 గ్రాములకు అటూఇటూగా ఉంటేనే పిల్లల వెంట పరుగెత్తగలం. కెనాన్ 55-250 ఎస్‌టీఎం (ఈ అంకెలు మిల్లీమీటర్లలో జూమ్ రేంజ్, అంకె పెద్దదైతే అంత దూరం లాగుతుంది) 375 గ్రాములు, సోనీ 55-210 345 గ్రాములు. ఒలింపస్ 40-150 ఎఫ్/4-5.6 (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు) అయితే 190 గ్రాములే. ఎఫ్/2.8 ఉన్న 70-200 లెన్సులు గొప్పవే కానీ చాలావరకు కిలో పైమాటే. అలాంటివి రెండోసారికే ఇంట్లో ఉండిపోతాయి.

ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉండే) కెమెరాకు 200-250 ఎంఎం చాలు. 250 దగ్గర, 25 మీటర్ల దూరంలో, అడ్డంగా పట్టిన ఫ్రేములో సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తు పడుతుంది. అంటే మీటరు ఎత్తున్న పాప ఫ్రేములో మూడింట రెండు వంతులు నిండుతుంది. అంతకుమించిన రేంజ్ పక్షుల కోసమే.

లెన్స్‌లో స్టెబిలైజేషన్ (వణుకును సరిచేసే ఏర్పాటు) ఉందో లేదో పేరులోని అక్షరాలే చెబుతాయి: కెనాన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్, సోనీలో ఓఎస్ఎస్. చవకగా దొరికే కెనాన్ 75-300 త్రీ లెన్స్‌లో అది లేదు, దాని జోలికి వెళ్లొద్దు. నికాన్ ఏఎఫ్-పీ 70-300 డీఎక్స్ రెండు రకాలు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వీఆర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. డీ90, డీ5100 లాంటి పాత నికాన్ కెమెరాలపై ఏఎఫ్-పీ లెన్సులకు ఆటోఫోకస్ పనిచేయదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్టెబిలైజేషన్ మన చేతి వణుకునే సరిచేస్తుంది, పరుగెత్తే పిల్లాణ్ణి ఆపదు. ఊయలకు 1/500 సెకను, పరుగుకు 1/1000 సెకను షట్టర్ పెట్టి ఐఎస్ఓను (వెలుతురు తక్కువైనప్పుడు ఫొటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకెను) ఆటోకు వదలండి. ఎండలో ఇబ్బంది లేదు. సాయంత్రం చెట్ల నీడలో మాత్రం కష్టం: ఎఫ్/2.8తో పోలిస్తే ఎఫ్/6.3 దగ్గర లోపలికి వచ్చే వెలుతురు ఐదో వంతే, కాబట్టి ఎఫ్/2.8కు ఐఎస్ఓ 1600 సరిపోయే చోట ఎఫ్/6.3కు 8000 కావాలి. హాల్లో జరిగే వేడుకలే ఎక్కువ తీస్తారంటే ఈ తరహా జూమ్ కొనకండి, 85 ఎంఎం ఎఫ్/1.8 మేలు.

కొనే ముందు మీ కెమెరాకే బిగించి చూడండి. జూమ్ చివరిదాకా లాగి, అపర్చర్ పూర్తిగా తెరిచి (అతి చిన్న ఎఫ్ అంకె పెట్టి), అచ్చు ఉన్న పోస్టర్‌ను ఎదురుగా నిలబడి తీయండి. నాలుగు మూలల్లో ఒకటే మసకగా ఉంటే లోపలి గాజులు వాలి ఉండొచ్చు, వేరే పీస్ అడగండి. నడిచి వచ్చే మనిషిపై కంటిన్యువస్ ఫోకస్ (కదిలేదాన్ని వెంబడించే ఫోకస్) పెట్టి వరుసగా పది ఫ్రేములు తీసి, ఎన్ని పదునుగా వచ్చాయో లెక్కపెట్టండి. సెకండ్ హ్యాండ్ అయితే వెనుక నుంచి టార్చ్ వేసి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. లెన్స్‌ను కిందికి వంచినప్పుడు జూమ్ దానంతటదే జారడం పెద్ద లోపం కాదు.

హుడ్ (లెన్స్ ముందు బిగించే గొట్టం) పెట్టెలో రాకపోతే విడిగా కొనండి. ఎదురెండలో ఫొటో వెలవెలబోకుండా కాపాడేది అదే, లెన్స్ కిందపడితే ముందు దెబ్బ తినేదీ అదే.