ఓల్డ్ ఏజ్ హోమ్‌లో సరిగ్గా చూస్తున్నారో లేదో ఎలా కనిపెట్టాలి

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ఎక్కడ చూసినా ఇప్పుడు సీనియర్ కేర్ హోమ్‌లు బాగా వచ్చేశాయి, వెళ్తే ముందు రిసెప్షన్, చిన్న గుడి, టీవీ హాలు, పండగలకి తీసిన ఫోటోలు చూపిస్తారు. చూడండి, కానీ అవి చూసి అడ్వాన్స్ కట్టేయకండి. నడిచి తిరిగే పెద్దాయనకి కాఫీ చల్లగా వస్తే ఆయనే అడిగి మార్పించుకుంటాడు. మంచం మీదున్నవాళ్ళు, మతిమరుపు వచ్చి మాట సరిగ్గా రానివాళ్ళు అడగలేరు కదా, వాళ్ళని ఎలా చూస్తున్నారో, రాత్రి పూట ఎలా చూస్తున్నారో అది తెలిస్తే హోమ్ సంగతి మొత్తం తెలిసినట్టే. అందుకే మీ అమ్మగారు ఇప్పుడు చక్కగా నడుస్తున్నా సరే "బెడ్ రిడన్ వాళ్ళుండే ఫ్లోర్ చూపిస్తారా" అని అడగండి. రూముల్లోకి వద్దు, వాళ్ళ ప్రైవసీ అంటే అది న్యాయమే, ఆ ఫ్యామిలీని అడిగి చూపించమనండి, లేదా కారిడార్ దాకా అయినా వెళ్ళనివ్వమనండి. అసలు ఆ ఫ్లోరే వద్దంటే నేనైతే అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తా.

ఆ ఫ్లోర్‌కి వెళ్ళాక ముందు మీ ముక్కే చెప్తుంది. ఎప్పుడో ఒకసారి డైపర్ వాసన రావడం మామూలే, అప్పుడే మారుస్తూ ఉండొచ్చు. గోడలకి, పరుపులకి పట్టేసిన పాత యూరిన్ వాసన, దాని మీద ఘాటుగా కొట్టిన ఫినాయిల్ లేదా రూమ్ స్ప్రే, అది వేరే సంగతి. తర్వాత మంచం పక్కన చూడండి, మంచినీళ్ళ గ్లాసు చేతికందేలా ఉందా, కాలింగ్ బెల్ స్విచ్ అందుతోందా లేక గోడకి పైన వేలాడుతోందా. కొన్నిచోట్ల మాటిమాటికీ బాత్రూమ్‌కి తీసుకెళ్ళాల్సి వస్తుందని నీళ్ళే తక్కువ ఇస్తారు, పెదాలు, నాలుక ఎండిపోయి ఉంటాయి, ఆ తర్వాత యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే వయసైపోయింది కదండీ అంటారు. ఎయిర్ బెడ్ (ఒంటికి పుండ్లు పడకుండా మోటార్‌తో గాలి నింపే పరుపు) ఉంటే దాని మోటార్ ఆన్‌లో ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి, కరెంటు బిల్లనో సౌండ్ వస్తోందనో ఆపేసి ఉంటే అది ఉన్నా లేనట్టే.

బెడ్ సోర్స్, అంటే కదలకుండా ఒకే వైపు పడుకుని ఉంటే ఒంటికి పడే పుండ్లు, వాటి గురించి మొహమాటపడకుండా అడగండి. కదల్లేనివాళ్ళని సుమారు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, పగలే కాదు రాత్రి కూడా. ఇప్పుడు ఇక్కడ ఎంతమందికి పుండ్లున్నాయి, వచ్చేటప్పుడే ఉన్నాయా ఇక్కడికొచ్చాక పడ్డాయా అని అడిగితే చెప్పే తీరులోనే తెలిసిపోద్ది. ఒకరికి ఉంది, హాస్పిటల్ నుంచి వచ్చేటప్పుడే ఉంది, రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నాం అని చెప్పేవాళ్ళని నమ్మొచ్చు, మా దగ్గర ఎవరికీ ఎప్పుడూ రాలేదండీ అనేవాళ్ళనే కాస్త అనుమానించాలి. మీ వాళ్ళని చేర్చాక వెళ్ళిన ప్రతిసారీ నడుము కింద, తుంటి దగ్గర, మడమల వెనక మీరే చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కినప్పుడు తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే అది పుండు మొదలైనట్టు. మన చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు, కాబట్టి చుట్టుపక్కల కన్నా ముదురుగా, వేడిగా, గట్టిగా తగులుతుందేమో చూస్కోవాలి.

మందుల చార్ట్ చూపించమనండి. ఏ పూట ఏ టాబ్లెట్ ఎవరు ఇచ్చారో రాసి సంతకం పెట్టే షీట్ అది, ఏ హోమ్‌లో అయినా ఉండాలి. పొద్దున పదకొండింటికి వెళ్తే అప్పటికే రాత్రి టాబ్లెట్లకి కూడా టిక్కులు పడి ఉన్నాయంటే ఆ షీట్ ఎవరి కోసం రాస్తున్నారో మీకే అర్థమవుతుంది. కదల్లేనివాళ్ళని ఎప్పుడెప్పుడు పక్కకి తిప్పారో రాసే చార్ట్ కూడా అంతే, వారం మొత్తం ఒకే పెన్నుతో ఒకే చేతిరాతతో గీతలు గీసినట్టుంటే నమ్మక్కర్లేదు.

ఇక రాత్రి సంగతి. పగలు ఎంత మంది స్టాఫ్ అని అందరూ అడుగుతారు, రాత్రి పదింటి తర్వాత ఈ ఫ్లోర్‌లో ఎంతమందికి ఎంతమంది ఉంటారు, వాళ్ళలో నర్సు ఉందా లేక ఆయాలేనా, మెలకువగా ఉంటారా పడుకుంటారా అన్నది అడగండి. కుదిరితే చెప్పకుండా రాత్రి ఎనిమిదింటికో ఆదివారం సాయంత్రమో వెళ్ళండి. ఇంకొకటి, డిన్నర్ టైమ్ అడగడం అసలు మర్చిపోవద్దు. వంటవాళ్ళు త్వరగా వెళ్ళిపోవాలని సాయంత్రం ఆరింటికే పెట్టేసే హోమ్‌లు ఉన్నాయి, మళ్ళీ టిఫిన్ పొద్దున ఎనిమిదింటికి, అంటే మధ్యలో పద్నాలుగు గంటలు. ఇన్సులిన్ తీసుకునే మనిషికి ఇది డేంజర్. మా పెద్దత్తకి ఒకచోట ఇలాగే తెల్లవారుజామున షుగర్ పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టి పిలిస్తే పలకట్లేదు, అక్కడి అమ్మాయేమో మంచి నిద్రలో ఉన్నారని దుప్పటి కప్పి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి తప్పని నేననను, రాత్రి ఒక్కత్తే ఉంది, షుగర్ పడిపోతే ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ నేర్పలేదు. పడుకునే ముందు పాలో బిస్కెట్లో మజ్జిగో ఇస్తారా, గ్లూకోమీటర్ ఎక్కడుంటుంది, రాత్రి డ్యూటీ వాళ్ళకి దాన్ని వాడ్డం వచ్చా, అక్కడే ఒకసారి చేసి చూపించమనండి.

మతిమరుపు ఉన్నవాళ్ళని చేర్చేటట్టయితే, మంచానికి కట్టేస్తారా అని సూటిగా అడగాలి. మణికట్టు దగ్గర గుడ్డ కట్టిన గుర్తులు, పగలంతా మత్తుగా తూగుతూ ఉండటం, ఈ రెండూ కనపడితే నిద్రమాత్ర ఎవరు రాశారు, ఎప్పటి నుంచి అని ప్రిస్క్రిప్షన్ అడగండి. భాష కూడా చూస్కోండి, అటెండర్లు వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ ఉన్నచోట తెలుగు తప్ప ఇంకేదీ రాని అమ్మమ్మ "దాహమేస్తోంది" అంటే అర్థం చేసుకునేవాళ్ళు షిఫ్ట్‌కి ఒక్కరైనా ఉండాలి.

బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు, జారని టైల్స్ ఉన్నాయా అని ఎలాగూ చూస్తారు, తలుపు బయటికి తెరుచుకుంటుందా అని కూడా చూడండి. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడిపోతే లోపలికి తెరిచే తలుపుని తోయలేం. గడియ బయట నుంచి తీయగలగాలి. లిఫ్ట్‌లో స్ట్రెచర్ పడుతుందా చూడండి, చాలా హోమ్‌లు మామూలు అపార్ట్‌మెంట్లని మార్చినవే, అక్కడ ఎమర్జెన్సీ వస్తే కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపుతారు.

నెలనెలా బరువు చూసి రిజిస్టర్‌లో రాయమనండి. అరవై కేజీల మనిషి కారణం లేకుండా నెలలో మూడు కేజీలు తగ్గితే డాక్టర్‌కి చూపించాల్సిందే, ఊరికే వదిలేయకూడదు.

అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి చూస్కునేవాళ్ళకి వీడియో కాల్ ఒక్కటీ సరిపోదు, ఎందుకంటే కాల్ టైమ్‌కి స్నానం చేయించి పౌడర్ రాసి కూర్చోబెడతారు. టైమ్ మారుస్తూ చేయండి, దగ్గర్లో ఉన్న పిన్ని కొడుకునో ఫ్రెండునో అప్పుడప్పుడు పంపండి. పెద్దవాళ్ళని స్టాఫ్ ముందు "బాగా చూస్తున్నారా అమ్మా" అని అడిగితే బాగానే చూస్తున్నార్రా అనే అంటారు, మీరు దిగులు పడతారని ఒకటి, మీరు పెట్టేశాక వాళ్ళతోనే ఉండాలి కదా అని ఒకటి. అలా కాకుండా నిన్న రాత్రి ఏం పెట్టారు, రాత్రి బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్ళారు, ఆ అమ్మాయి పేరేంటి అని అడగండి.

డబ్బుల విషయం అగ్రిమెంట్‌లో రాతపూర్వకంగా ఉండాలి, మనిషి బెడ్ రిడన్ అయితే నెలకి ఎంత పెరుగుద్ది, డైపర్లు, ఫిజియోథెరపీ వేరేనా, మధ్యలో తీసుకెళ్తే డిపాజిట్‌లో ఎంత వెనక్కిస్తారు. హాస్పిటల్‌కి ఎవరు తోడు వెళ్తారు, పిల్లలు ఫారిన్‌లో ఉంటే సంతకం ఎవరు పెడతారు. అడగడానికి కష్టంగానే ఉంటుంది కానీ, చనిపోతే పిల్లలు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్ ఏర్పాటు ఎవరు చేస్తారో కూడా అడగండి, నడిపే అనుభవం ఉన్నవాళ్ళు తడుముకోకుండా చెప్తారు.

చేర్చాక ఏదైనా తేడా కనిపిస్తే ఆయా మీద అరవకండి, ఆ కోపం తర్వాత ఎవరి మీద తీరుతుందో తెలుసు కదా. ఫోటో తీసి తేదీతో మేనేజర్‌కి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతలో పెట్టండి, ఎప్పటికి సరిచేస్తారో అదీ రాతలోనే తీసుకోండి. వినకపోతే ఎల్డర్ లైన్ 14567 ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, ఫ్రీ, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. కొట్టడం, కట్టేయడం లాంటివైతే ఆగకుండా అదే రోజు తీసుకొచ్చేయండి. మిగతావాటికి మాత్రం ఇంకో హోమ్‌లో బెడ్ ఖాయం చేసుకున్నాకే గట్టిగా గొడవ పెట్టుకోండి.