వేసవిలో విశాఖ జూకు వెళ్లే ముందు

సెలవులు రాగానే పిల్లలు అడిగేది బీచ్, ఆ తర్వాత జూ. బీచ్‌కు సాయంత్రం వెళ్లినా సరిపోతుంది, జూకు మాత్రం పొద్దున్నే బయలుదేరాలి. కంబాలకొండ అడవి ఒడిలో 625 ఎకరాల్లో పరుచుకున్న ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల అది. మిట్టమధ్యాహ్నం అంతా నడిచి చూద్దామనుకుంటే కాళ్లూ రావు, జంతువులూ కనిపించవు. ఆ వేళకు పులి ఏ పొద నీడనో పడుకుని ఉంటుంది, మన భాగ్యం బాగుంటే తోక కొస కనిపిస్తుంది. సోమవారం సెలవు.

విశాఖ ఎండ మోసకారి. సముద్రపు తేమకు చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. దాహం వేయకముందే నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతూ ఉండండి. ఎవరికైనా తల తిరిగి మాట తడబడితే వడదెబ్బగానే భావించి నీడకు చేర్చండి. ఒళ్లు తడిపి విసురుతూ 108కు ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఇక్కడ చాలా జంతువులకు ఇనుప చువ్వల బోనులుండవు. చెట్లూ పొదలూ ఉన్న ఆవరణ, నడుమ కందకం, మన వైపు పిట్టగోడ. చువ్వలు కనిపించకపోయేసరికి మనవాళ్లకు భయమూ పోతుంది. ఫొటో కోసం పిల్లవాణ్ని పిట్టగోడ ఎక్కించే తండ్రి వెళ్లిన ప్రతిసారీ ఒకరైనా తగులుతారు. ‘పట్టుకునే ఉన్నానండీ’ అంటారు. ఒక చేతిలో పిల్లవాడు, రెండో చేతిలో ఫోను, చూపంతా ఫోనులోనే! ఏదైనా లోపల పడితే సిబ్బందికి చెప్పండి, వంగి అందుకోబోవద్దు.

బయట తిరిగే కోతుల సంగతి వేరు. పాలిథిన్ కవరు గరగరమంటే చాలు, వచ్చేస్తాయి. లాక్కుంటే వదిలేయండి. కరిచినా రక్కినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. జింకలకు చిప్స్ అందించే సరదా కూడా మానుకోవాలి. కవరు మింగితే వాటి ప్రాణానికే ముప్పు, జూ జంతువులకు తిండి పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

గేట్లు రెండు: హైవే వైపు ఒకటి, సాగర్‌నగర్ వైపు ఒకటి. ఆటోను ఎక్కడ ఆగమన్నారో గుర్తుంచుకోండి. అలసిన పిల్లల్ని ఎత్తుకుని ఈ గేటు నుంచి ఆ గేటుకు మళ్లీ నడవడం మామూలు కష్టం కాదు.