స్కాలర్‌షిప్‌కు అప్లై చేసే ముందు ఈ ఒక్కటి చూసుకోండి

డిప్లొమా, ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయిలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి రూ.50 వేలు. ఇంటి ఆదాయం రూ.8 లక్షలు దాటకూడదు, కుటుంబంలో ఇద్దరమ్మాయిల దాకా ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. ఇది చాలామందికి తెలిసిందే. అసలు తిరకాసు డబ్బు పడే దగ్గర ఉంది.

ఆధార్ ఇచ్చి ఎన్ని బ్యాంకుల్లో ఖాతా తెరిచినా, ప్రభుత్వ డబ్బు జమయ్యేది చివరగా ఆధార్ సీడింగ్ (ప్రభుత్వ సొమ్ము పడేలా ఆధార్‌తో ముడిపెట్టడం) అయిన ఒక్క ఖాతాలోనే. ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతా అదే అయితే? అది మూతపడి ఉంటే సొమ్ము వెనక్కి పోతుంది. మైఆధార్ సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే బ్యాంకు పేరు కనిపిస్తుంది. వేరే ఖాతాలో పడాలంటే, ఆ ఖాతా ఉన్న బ్యాంకుకెళ్లి సీడింగ్ ఫారం ఇవ్వండి. "ఆధార్ లింకయ్యే ఉందమ్మా" అని కౌంటర్లో అంటే సరిపెట్టుకోకండి, అది కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) కోసం చేసిన లింకు కావచ్చు. డీబీటీ (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడటం) కోసమని గట్టిగా అడగండి.

అన్నట్టు, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటే ఇప్పుడే మార్పించండి. ఆఖరి తేదీ దగ్గరపడ్డాక మీసేవలో నిలబడటం నరకం.