తుంగభద్ర దాటే ముందు కార్డు, కాగితాలు చూసుకోండి

కర్నూలు పెద్దాసుపత్రిలో "హైదరాబాద్ తీసుకెళ్లండి" అంటే ఎవరికైనా ముందు బండి, డబ్బు గుర్తొస్తాయి. మా చిన్నాన్న గుండె ఆపరేషన్ అప్పుడు నాదీ అదే తంతు. కార్డు సంగతి పుల్లూరు టోల్‌గేట్ దాటాక తట్టింది. ఆసుపత్రి కౌంటర్ మీద ఆరోగ్యశ్రీ బోర్డు చూసి ఊపిరి పీల్చుకున్నాను. "అది తెలంగాణ కార్డులకండీ" అందా అమ్మాయి.

రాజ్యాంగం ఆసుపత్రులను రాష్ట్రాల జాబితాలో పెట్టింది. అందుకే వంతెనకు ఇవతల ఎన్టీఆర్ వైద్యసేవ, అవతల ఆరోగ్యశ్రీ. ఉమ్మడి రాష్ట్రంలో ఒకే పథకం, ఇప్పుడు వేరు కాపురాలు. మన కార్డు పక్క రాష్ట్రంలో చెల్లాలంటే ఆ ఆసుపత్రి మన జాబితాలో ఉండాలి, ఆ ఆపరేషన్ కూడా ఉండాలి. బయలుదేరే ముందే ఇక్కడి ఆసుపత్రిలో పథకం కౌంటర్ దగ్గరుండే వైద్యమిత్రను కలవండి. "హైదరాబాద్‌లో చెల్లుతుందా" అని అడిగితే లాభం లేదు. ఆసుపత్రి పేరు, ఆపరేషన్ పేరు చెప్పి అడగండి.

కేస్ షీట్ కాపీకి రాసి ఇవ్వండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. స్కాన్ రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకోండి. మేం రిపోర్టు ఒక్కటే పట్టుకుపోయి, అక్కడ మళ్లీ డబ్బు కట్టి స్కాన్ తీయించాం.

అనంతపురం, హిందూపురం వాళ్లు ఎక్కువగా బెంగళూరు పోతారు. అక్కడ ఇంకో చట్టం. కర్ణాటక 2017లో చేసిన సవరణ ప్రకారం ప్రైవేటు ఆసుపత్రులు అత్యవసరంలో అడ్వాన్స్ కోసం పట్టుబట్టకూడదు, బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపకూడదు.

ప్రాణం మీదికొస్తే మాత్రం ఏ ఊరని చూడకుండా డాక్టరు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అయినా 2021 మేలో, కరోనా రోజుల్లో, పాసుల్లేవని పుల్లూరు దగ్గర మన అంబులెన్సులను ఆపారు. ముందే అనుమతి ఉండాలన్న తెలంగాణ ప్రభుత్వ సర్క్యులర్‌పై అక్కడి హైకోర్టు స్టే ఇచ్చాక గానీ దారి తెరుచుకోలేదు. అందుకే అవతలి ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి, బెడ్ ఉందని ఖాయం చేసుకోండి.

సంతకం సంగతి ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. పేషెంటు మేజరై స్పృహలో ఉంటే ఒప్పుకోవాల్సింది ఆయనే. ఇది 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు. చిన్నాన్న మంచం మీద కూర్చుని టీ తాగుతుంటే, ఫారం తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను ఆయనకే చదివి వినిపించాను. రెండో పేజీలో ఆపమని, "మత్తు ఎంతసేపుంటాదిరా?" అన్నాడు. నాకేం తెలుసు? డాక్టర్ని పిలిపించాం.